కళ్లాన్ని గాదె అనుకోవద్దని కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారములు.

విషయం: ఇంటి కంప్యూటర్‌లో ర్యామ్ డిస్క్ ఏర్పాటు గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం.

అయ్యా,

ఇంట్లో వాడుకునే పాత కంప్యూటర్ వేగం పెరగాలంటే ర్యామ్‌లో, అంటే కంప్యూటర్ నడుస్తున్నంతసేపు పని చేసుకునే మెమరీలో, కొంత భాగాన్ని డిస్కుగా మార్చుకోవాలని, బ్రౌజర్‌ను, తాత్కాలిక ఫైళ్లను, చివరికి రోజూ పని చేసే డాక్యుమెంట్ల ఫోల్డరును కూడా అందులోకి తరలించుకోవచ్చని సలహా ఇస్తూ మీ కంప్యూటర్ పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని నేను రెండుసార్లు చదివాను. ఇటువంటి విషయాన్ని తెలుగులో, మామూలు పాఠకులకు అందేలా రాయించినందుకు మీకు కృతజ్ఞతలు. అయితే ఆ వ్యాసం చివరి పేరాలో ఉన్న ఒక్క వాక్యం నన్ను ఈ ఉత్తరం రాయడానికి కూర్చోబెట్టింది. కరెంటు పోతే అందులోని సమాచారం "పోయే అవకాశం ఉంది" అని రచయిత రాశారు. అవకాశం కాదండీ, తప్పకుండా పోతుంది. పోయిన తరువాత ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ, ఎంత డబ్బు పెట్టినా తిరిగి రాదు. ఆ వాక్యం వ్యాసం చివర కాక మొదట ఉండవలసింది.

నేను శ్రీకాకుళంలో మా ఇంటి ముందుగదిలోనే పద్నాలుగేళ్లుగా డి.టి.పి. పని చేసుకుంటున్నదాన్ని. శుభలేఖలు, ట్యూషన్ సెంటర్ల ప్రశ్నపత్రాలు, గుడి ఉత్సవాల కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు, అప్పుడప్పుడూ చిన్న పుస్తకాలు చేస్తుంటాను. ర్యామ్ డిస్క్‌ను మూడేళ్లుగా వాడుతున్నాను, ఇప్పటికీ వాడుతున్నాను. దాని మేలు తెలుసు, దాని వల్ల నష్టపోవడమూ తెలుసు కనుక రాస్తున్నాను.

మా పుట్టినూరు ఆమదాలవలస దగ్గర పల్లె. వరి కోతలయ్యాక కుప్పలు వేసి, కళ్లంలో నూర్చి, తూర్పారబట్టి, ధాన్యాన్ని ఇంటికి చేర్చి గాదెలో పోయడం చూస్తూ పెరిగాను. కళ్లం విశాలంగా, చదునుగా, నాలుగు వైపులా తెరిచి ఉంటుంది. అందుకే అక్కడ పని చకచకా సాగుతుంది. గాదె ఇరుకు, దానిలో పోయడమూ తీయడమూ నిదానమే, కానీ వాన వచ్చినా గాలి వచ్చినా గింజ అక్కడే ఉంటుంది. కంప్యూటర్‌లో ర్యామ్ కళ్లం వంటిది, హార్డ్ డిస్క్ గాదె వంటిది. ర్యామ్ డిస్క్ అంటే కళ్లంలోనే ఒక మూల గీత గీసి, దానికి గాదె అని పేరు పెట్టడం. పేరు మారినంత మాత్రాన ఆ మూలకు పైకప్పు రాదు. విండోస్‌లో అది మిగతా డ్రైవుల సరసనే ఒక అక్షరంతో కనిపిస్తుంది, అందులో ఫోల్డర్లు చేసుకోవచ్చు, ఫైళ్లు పెట్టుకోవచ్చు, చూడడానికి సి, డి డ్రైవులకూ దానికీ ఏ భేదమూ ఉండదు. వ్యాసంలో ఇది సౌకర్యంగా చెప్పారు. నా అనుభవంలో అసలు ప్రమాదమంతా ఈ పోలికలోనే ఉంది.

వేగం విషయంలో రచయిత చెప్పినది నిజమే. ఇళ్లలో ఎక్కువగా ఉండే హార్డ్ డిస్క్ నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది. అంటే ఒక్క చుట్టుకు 8 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది, కావలసిన చోటు చదివే సూది కిందికి రావడానికి సగటున అందులో సగం, సూది ఆ వరుస దగ్గరికి జరగడానికి మరికొంత. ర్యామ్‌లో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. ఏ గడిలోని సమాచారమైనా సుమారు 100 నానోసెకన్లలో అందుతుంది, అంటే సుమారు లక్ష రెట్ల తేడా. ఒకే పెద్ద ఫైలును వరుసగా చదవడంలో హార్డ్ డిస్క్ సెకనుకు 150 మెగాబైట్ల చుట్టుపక్కల, తిరిగే భాగాలు లేని ఎస్.ఎస్.డి. డిస్కుల్లో సాటా రకం 550 వరకు ఇస్తుంటే, డి.డి.ఆర్.4 లోని 2400 రకం ర్యామ్ స్టిక్ ఒక్కదాని గరిష్ఠ వేగం సెకనుకు 19.2 గిగాబైట్లు. ఫైల్ సిస్టమ్ లెక్కలన్నీ మధ్యలో ఉంటాయి కనుక ర్యామ్ డిస్క్‌లో అంత వేగం పూర్తిగా రాదు. వచ్చినంత మటుకు మాత్రం చాలా ఎక్కువే.

అంత వేగం ఉన్న చోట సమాచారం ఎందుకు నిలవదో వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేదు. ఐ.బి.ఎం. ఇంజినీరు రాబర్ట్ డెన్నార్డ్‌కు 1968లో పేటెంటు వచ్చిన పద్ధతే నేటి ర్యామ్‌కూ ఆధారం. ఒక్కొక్క గడిలో ఒక ట్రాన్సిస్టరు, అతి చిన్న కెపాసిటరు ఉంటాయి. ఆ కెపాసిటరులో విద్యుత్తు ఉంటే ఒకటి, లేకపోతే సున్న. చిల్లు కుండలో నీళ్ల మాదిరిగా ఆ విద్యుత్తు నిరంతరం కారిపోతూనే ఉంటుంది. అందుకని ప్రతి గడినీ 64 మిల్లీసెకన్లలోపు ఒకసారి చదివి మళ్లీ నింపుతూ ఉంటారు. మనం కుర్చీలో కదలకుండా కూర్చున్నా, కీబోర్డు ముట్టకపోయినా, సెకనుకు పదిహేనుసార్లు ఆ నింపే పని జరుగుతూనే ఉంటుంది. కరెంటు ఆగిన మరుక్షణం నింపేవారు ఉండరు. ఈ సంగతి తెలిసిన పాఠకులెవరూ "అవకాశం ఉంది" అనే మాటను నమ్మి తమ డాక్యుమెంట్లను అక్కడికి తరలించరు.

ఇది కొత్త చిట్కా అన్నట్లు కూడా వ్యాసంలో ఉంది. విండోస్‌కు ముందు కంప్యూటర్లను నడిపిన డాస్‌లో, 1984లో వచ్చిన పి.సి. డాస్ 3.0లోనే వి.డిస్క్ అనే ఏర్పాటు ఉంది, తరువాత మైక్రోసాఫ్ట్ డాస్‌లో ర్యామ్‌డ్రైవ్ వచ్చింది. ఫ్లాపీల కాలంలో అది చాలా అవసరమైనది, ఎందుకంటే ఫ్లాపీ తెరిచేసరికి మనిషికి ఓపిక నశించేది. విండోస్ 98 స్టార్టప్ ఫ్లాపీ వేసి కంప్యూటర్ తెరిచినప్పుడు సామానంతా ర్యామ్ డ్రైవులోకి విప్పుకొని పని చేయడం మాకు శిక్షణ ఇచ్చిన మాస్టారు చూపించేవారు. నలభై ఏళ్ల పాత పద్ధతి ఇప్పుడు పనికిరాదని కాదు. ఆనాడు దాన్ని వాడినవారికి అది తుడిచిపోతుందని మొదటి పాఠంలోనే చెప్పేవారని గుర్తుచేస్తున్నాను.

నాకు దాని అవసరం ఎలా వచ్చిందో చెబుతాను. ఈ జిల్లాలో నాలాంటి చాలామంది ఇంకా పేజీలు కూర్చే పాత ప్రోగ్రామ్ పేజ్‌మేకర్‌తో, అను అనే తెలుగు ఫాంట్లతోనే పని చేస్తున్నారు. ప్రెస్సులవారికి అదే అలవాటు, పాత ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి. పేజ్‌మేకర్ చివరి రూపమైన 7.0 2001లో వచ్చిన 32 బిట్ల ప్రోగ్రామ్. అటువంటి ప్రోగ్రామ్ విండోస్‌లో మామూలుగా 2 గిగాబైట్లకు మించి ర్యామ్‌ను తన కోసం వాడుకోలేదు. నా కంప్యూటర్‌లో మా మేనల్లుడు 16 గిగాబైట్ల ర్యామ్ వేయించినప్పుడు, అందులో అధిక భాగం ఊరికే ఉండి, నా ప్రోగ్రామ్ మాత్రం పాత హార్డ్ డిస్కులోని తాత్కాలిక ఫైళ్ల కోసం ఎదురుచూస్తూ ఉండేది. "అత్తా, ఆ ఖాళీ ర్యామ్‌ను డిస్కుగా చేసి ఇస్తాను, తాత్కాలిక ఫైళ్లు అందులో పెట్టు" అని వాడు 4 గిగాబైట్ల ర్యామ్ డిస్క్ చేసి పెట్టాడు. స్కాన్ చేసిన పెద్ద ఫొటోలున్న పుస్తకాన్ని ప్రెస్సుకు పి.డి.ఎఫ్.గా తీయడానికి పట్టే సమయం దాదాపు సగమైంది. ఒక్క పేజీ శుభలేఖకు మాత్రం ఏ తేడా కనబడలేదు. పాత ప్రోగ్రామ్, మిగులు ర్యామ్, నిదానమైన డిస్క్, ఈ మూడూ ఒకే చోట కలిసినప్పుడు ర్యామ్ డిస్క్ నిజంగా ఉపకారం చేస్తుంది. కొత్త 64 బిట్ల ఫొటో ప్రోగ్రాములకు ఇది తిరగబడుతుంది, ఎందుకంటే అవి తమకు కావలసినంత ర్యామ్ నేరుగా వాడుకోగలవు. వాటి చేతిలోని ర్యామ్ లాక్కొని, దాన్నే డిస్కుగా మార్చి తిరిగి వాటికే ఇవ్వడం వల్ల పని పెరుగుతుందే తప్ప తగ్గదు.

ఇక నష్టం సంగతి. ఒక ఉన్నత పాఠశాల పదో తరగతి పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి ప్రత్యేక సంచిక చేస్తున్నాను. 52 పేజీలు. ఆ బ్యాచ్‌కు లెక్కలు చెప్పిన మాస్టారు, ఎనభై ఏళ్లు దాటినవారు, చేయి వణుకుతుంది కనుక రాయలేక, మా ఇంటికి వచ్చి కూర్చొని, చనిపోయిన ఐదుగురు విద్యార్థుల గురించి తన జ్ఞాపకాలు చెబుతూ ఉంటే నేను నేరుగా టైపు చేశాను. కాగితం మీద ఒక్క అక్షరం లేదు. సాయంత్రం ఈదురుగాలి లేచి కరెంటు పోయింది. యు.పి.ఎస్. ఉంది కానీ దాని బ్యాటరీకి మూడేళ్లు నిండాయి. నేను వంటింట్లోంచి వచ్చేలోపే అది కూడా ఆగిపోయింది.

నేను ఆ ఫైలును మధ్యలో చాలాసార్లు సేవ్ చేశాను. అది ముఖ్యంగా గమనించవలసిన సంగతి. అంతకుముందే మాస్టారు తెచ్చిన పాత గ్రూప్ ఫొటోను స్కాన్ చేసి ఆర్ డ్రైవులో, అంటే ర్యామ్ డిస్క్‌లో, పెట్టి తెరిచాను. తరువాత కొత్త ఫైలుకు పేరు పెట్టి సేవ్ చేసేటప్పుడు, చివరిసారి తెరిచిన ఫోల్డరునే ఆ కిటికీ ముందు చూపింది. మాస్టారు చెబుతున్న మాట తప్పిపోకూడదన్న తొందరలో నేను ఎంటర్ నొక్కాను. సేవ్ అయింది. ప్రతి పావుగంటకూ అక్కడే సేవ్ అవుతూ వచ్చింది. ప్రోగ్రామ్ తనంతట తాను రాసుకునే తాత్కాలిక ఫైళ్లను కూడా వేగం కోసం ఆర్ డ్రైవుకే మళ్లించాం కనుక అవీ లేవు. కరెంటు వచ్చాక కంప్యూటర్ తెరిస్తే ఆర్ డ్రైవు ఎప్పటిలాగే శుభ్రంగా, ఖాళీగా ఉంది.

మాస్టారికి ఫోను చేసి చెప్పడానికి నాకు మరునాటి దాకా ధైర్యం చాలలేదు. ఆయన ఒక్క మాట అనలేదు. మళ్లీ ఆటోలో వచ్చారు, మళ్లీ చెప్పారు. కానీ మొదటిరోజు ఒక అమ్మాయి గురించి చెబుతూ మధ్యలో ఆగి, చాలాసేపు మౌనంగా ఉండి, ఆ తరువాత చెప్పిన నాలుగు వాక్యాలను రెండోసారి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. సంచికలో ఆ అమ్మాయి పేజీ మిగతావాటి కంటే చిన్నదిగానే అచ్చయింది. మీ వ్యాసంలో "డాక్యుమెంట్ల ఫోల్డరును తరలించండి" అన్న వాక్యం చదివినప్పుడు నాకు ఆ పేజీయే కళ్లముందు మెదిలింది.

ఆ తరువాత నేను చేసుకున్న మార్పు చిన్నది, కానీ ర్యామ్ డిస్క్ పెట్టుకునే ప్రతివారికీ మొదట చెప్పవలసింది అదే అని నా నమ్మకం. ర్యామ్ డిస్క్‌ను విండోస్ మామూలుగా వాడే ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతిలో ఫార్మాట్ చేస్తే డ్రైవుకు తెలుగులోనే పేరు పెట్టవచ్చు. నా డ్రైవుకు ఇప్పుడు "ఉండదు" అని పేరు. సేవ్ చేసే కిటికీలో ఆర్ అన్న అక్షరం పక్కన ఆ మాట కనబడుతుంది. అక్షరం కంటికి అలవాటైపోయి చూపు జారిపోవచ్చు కానీ తెలుగు మాట జారిపోదు. తాత్కాలిక ఫైళ్లను కూడా వెనక్కి సి డ్రైవుకే మార్చేశాను. పెద్ద పుస్తకం పి.డి.ఎఫ్. తీసే రోజున మాత్రం ఫొటోల నకళ్లు ఆర్ డ్రైవులో పెట్టుకుంటాను. అసలు ఫొటోలు డి డ్రైవులో ఉంటాయి కనుక నకళ్లు పోయినా బాధ లేదు.

వ్యాసంలోని మరి రెండు మూడు మాటల మీద కూడా నాకు అభ్యంతరం ఉంది. బ్రౌజర్‌ను ర్యామ్ డిస్క్‌లోకి మారిస్తే ఇంటర్నెట్ వేగం పెరుగుతుందన్నారు. లైను నుంచి పేజీ దిగే వేగానికీ మన డిస్కుకూ సంబంధం లేదు. పైగా విండోస్ గానీ, లైనక్స్ గానీ, ఒకసారి డిస్కు నుంచి చదివిన ఫైలును ఖాళీగా ఉన్న ర్యామ్‌లో తామే దాచుకుంటాయి. ఉదయం ఒక ప్రోగ్రామ్‌ను మొదటిసారి తెరిచినప్పుడు పట్టినంత సమయం రెండోసారి పట్టకపోవడానికి కారణం అదే. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే "క్యాష్డ్" అన్న మాట పక్కన కనిపించే అంకె ఆ దాచుకున్న మొత్తమే. ప్రోగ్రాములకు ర్యామ్ అవసరమైతే ఈ దాపును వెంటనే వదిలేస్తాయి, అడగకుండానే సర్దుకుంటాయి. మనం గీత గీసి పక్కన పెట్టుకున్న ర్యామ్ డిస్క్‌లోని ఫైళ్లను మాత్రం అలా వదిలేయడం కుదరదు.

అందుకే 4 గిగాబైట్ల ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో 2 గిగాబైట్ల ర్యామ్ డిస్క్ పెట్టుకోమన్న సలహా నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. మన ఊళ్లలో పిల్లల చదువు కోసం కొన్న సెకండ్ హ్యాండ్ కంప్యూటర్లలో చాలావాటికి ఉండేది ఆ నాలుగే. విండోస్ 10 తెరుచుకొని, బ్రౌజర్‌లో నాలుగు పేజీలు తెరిచేసరికే అందులో చాలావరకు నిండిపోతుంది. మిగిలినదాన్ని కూడా డిస్కుగా మార్చేస్తే, చాలని ర్యామ్ కోసం విండోస్ తన సరంజామాను హార్డ్ డిస్కులోని పేజ్ ఫైలుకు మోయడం మొదలుపెడుతుంది. డిస్కును తప్పించుకోవడానికి చేసిన పని డిస్కు మీదే మరింత భారం వేస్తుంది. నన్ను అడిగితే, 4 ఉన్నవారు ర్యామ్ డిస్క్ జోలికే పోకూడదు, 8 ఉన్నవారు ఒక్క గిగాబైటుకు మించకూడదు, 16 ఉన్నవారికి రెండు నుంచి నాలుగు వరకు ఫరవాలేదు. అంతకంటే ముందు, ఇంకా హార్డ్ డిస్క్‌తోనే నడుస్తున్న కంప్యూటర్‌కు ఒక చిన్న ఎస్.ఎస్.డి. వేయిస్తే వచ్చే మార్పు ముందు ఇవన్నీ చిన్నవే. కిందటి సంవత్సరం నేను వేయించాను. ఆ తరువాత ర్యామ్ డిస్క్‌లో పి.డి.ఎఫ్. తీసినా, ఎస్.ఎస్.డి.లో తీసినా తేడా కంటికి ఆనడం లేదు.

ఎస్.ఎస్.డి. అరిగిపోకుండా కాపాడడానికి కూడా ర్యామ్ డిస్క్ అవసరమని రాశారు. ఎస్.ఎస్.డి.లో రాతలకు ఒక పరిమితి ఉన్న మాట నిజం. కానీ 250 గిగాబైట్ల మంచి ఎస్.ఎస్.డి.లకు తయారీదారులు 150 టెరాబైట్ల, అంటే 1,50,000 గిగాబైట్ల, రాతల దాకా హామీ ఇవ్వడం కద్దు. రోజుకు 20 గిగాబైట్లు రాసినా అది పూర్తి కావడానికి 7500 రోజులు, అంటే 20 సంవత్సరాలు పైగా పడుతుంది. నాలాగా రోజంతా స్కానింగు, ప్రింటింగు చేసేవారి ఇంట్లోనే రోజుకు అంత రాత ఉండదు.

కంప్యూటర్ ఆపేటప్పుడు ర్యామ్ డిస్క్‌లో ఉన్నదంతా హార్డ్ డిస్కుకు నకలు తీసి, మళ్లీ తెరిచినప్పుడు నింపే సదుపాయం కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఉందని, కనుక భయం లేదని వ్యాసంలో ఉంది. ఆ సదుపాయం ఉన్న మాట వాస్తవమే. అయితే అది మనం పద్ధతిగా షట్‌డౌన్ చేసినప్పుడు పని చేసేది. తీగ తెగి కరెంటు పోతే నకలు తీసే వ్యవధి దానికి దొరకదు. సరిగ్గా దాని అవసరం ఉన్న సమయంలోనే అది లేకుండా పోతుంది.

ఇంతవరకు వద్దన్నవే ఎక్కువ చెప్పాను. వ్యాసంలో ఎక్కడా లేని ఒక ఉపయోగం గురించి మీ పాఠకులకు తప్పక చెప్పాలని ఉంది. నా దగ్గరికి వచ్చేవారిలో సగంమంది ఆధార్ కార్డు, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పాసుబుక్కు మొదటి పేజీ వాట్సాప్‌లో పంపి ప్రింటు తీయమంటారు. నాలాంటి వారి కంప్యూటర్లలో డౌన్‌లోడ్ ఫోల్డరు తెరిచి చూడండి, ఊరందరి ఆధార్ కార్డులు వరుసగా కనిపిస్తాయి. డిలీట్ చేసినా అవి రీసైకిల్ బిన్‌లో ఉంటాయి, అక్కడినుంచి తీసేసినా హార్డ్ డిస్కు మీద వాటి స్థానంలో మరొకటి రాసేదాకా తిరిగి తీయగల సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఆ కంప్యూటర్‌ను రేపు అమ్మేస్తే, లేదా మరమ్మతుకు ఇస్తే, అవన్నీ దానితోపాటే వెళతాయి. రేషన్ కార్డు ప్రింటు కోసం వచ్చిన ఒక అమ్మ "మా కాయితాలు మీ కంప్యూటర్లో ఉండిపోవు కదమ్మా" అని అడిగినప్పుడు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

ఇప్పుడు బ్రౌజర్ డౌన్‌లోడ్ ఫోల్డరును "ఉండదు" డ్రైవుకు మార్చాను, స్కానరు ఫైళ్లు కూడా అందులోకే వస్తాయి. వారి ప్రింటు వారికి ఇచ్చాక ఆ ఫైలు తీసేస్తాను. తీయడం మరిచినా రాత్రి కంప్యూటర్ ఆపగానే అవన్నీ పోతాయి. ఇక్కడ పోవడమే కావలసినది. దీనికి కూడా కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. హైబర్నేట్ చేస్తే ర్యామ్‌లో ఉన్నది డిస్కు మీదికి రాయబడుతుంది కనుక దాన్ని, అదే కోవకు చెందిన ఫాస్ట్ స్టార్టప్‌ను నిలిపివేయాలి. రాత్రికి స్లీప్‌లో వదలకుండా షట్‌డౌన్ చేయాలి. ప్రింటుకు పంపిన ప్రతిని విండోస్ కొద్దిసేపు సి డ్రైవులో వరుసలో ఉంచుతుంది, ప్రింటు ఆగిపోతే అది అక్కడే మిగులుతుంది కాబట్టి ఆ వరుస ఖాళీ అయిందో లేదో చూసుకోవాలి. ఇవి పాటించాక ఆ అమ్మ అడిగిన ప్రశ్నకు ఇప్పుడు ధైర్యంగా జవాబు చెప్పగలుగుతున్నాను. మన జిల్లాలో ఇళ్లలోనూ చిన్న దుకాణాలలోనూ ప్రింట్లు తీసేవారిలో 4 గిగాబైట్లకు మించి ర్యామ్ ఉన్న ప్రతి ఒక్కరూ ఈ ఒక్క పని కోసమైనా ర్యామ్ డిస్క్ పెట్టుకుంటే బాగుంటుందని నా అభిప్రాయం. ఒక గిగాబైటు కూడా అక్కరలేదు, 512 మెగాబైట్లు చాలు.

ఏర్పాటు చేసుకునే విధానం గురించి క్లుప్తంగా చెబుతాను, వ్యాసంలో అది వివరంగానే ఉంది. ఇళ్లలో వాడే విండోస్‌లో ఈ సౌకర్యం మామూలుగా ఉండదు. ఇమ్‌డిస్క్, ఓ.ఎస్.ఎఫ్.మౌంట్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు వేసుకోవాలి. ఇవి కంప్యూటర్ లోతుల్లో పని చేసేవి కాబట్టి తయారుచేసినవారి సొంత సైటు నుంచే దించుకోవాలి తప్ప ఎవరో పెన్‌డ్రైవులో ఇచ్చినది వేసుకోకూడదు. లైనక్స్ వాడేవారికి వేరే ఏదీ అక్కరలేదు, టి.ఎం.పి.ఎఫ్.ఎస్. అనే ఏర్పాటు 2001లో వచ్చిన 2.4 కెర్నెల్ (లైనక్స్ మూలభాగం) నుంచి దానిలోనే ఉంది. పరిమాణం చెప్పకపోతే ర్యామ్‌లో సగాన్ని పరిమితిగా తీసుకుంటుంది, అయితే ఆ సగాన్ని ముందే ఆక్రమించదు, ఫైళ్లు పెట్టినంత మేరకే వాడుకుంటుంది. ర్యామ్ చాలనప్పుడు అందులోని కొంత భాగం స్వాప్ రూపంలో డిస్కు మీదికి పోవచ్చు కనుక ఆధార్ కాగితాల వంటి వాటికి వాడేవారు ఆ సంగతి గుర్తుంచుకోవాలి. మ్యాక్‌లో పరిమాణాన్ని 512 బైట్ల ముక్కల లెక్కన చెప్పాలి, 2 గిగాబైట్లకు 41,94,304 ముక్కలు.

కరెంటు గురించి ఒక మాట రాయకుండా ఈ ఉత్తరం ముగించలేను. హైదరాబాదులో కూర్చొని రాసేవారికి కరెంటు పోవడం అరుదైన సంగతిగా అనిపించవచ్చు. మాది సముద్రం ఒడ్డు జిల్లా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ వచ్చినప్పుడు స్తంభాలు వరుసగా ఒరిగిపోయాయి. తిత్లీ తరువాత ఉద్దానం పల్లెలు ఎన్నో రోజులు చీకట్లో ఉన్నాయి. తుపానులు పక్కన పెట్టినా, వేసవి సాయంత్రాల ఈదురుగాలికి, లైను మరమ్మతులకు, చెట్టుకొమ్మ తీగమీద పడినప్పుడు కరెంటు పోవడం ఇక్కడ మామూలు. ఇంటి యు.పి.ఎస్.లలో ఉండే 12 వోల్టుల చిన్న బ్యాటరీ రెండు మూడేళ్లలో బలహీనపడుతుంది, పైకి మాత్రం పచ్చదీపం వెలుగుతూనే ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు, పనేమీ లేని సమయంలో ఫైళ్లన్నీ మూసి, స్విచ్ ఆపి, ఎన్ని నిమిషాలు నిలుస్తుందో గడియారం పెట్టి చూసుకోవాలి. నేను ఆ పని చేసి ఉంటే మాస్టారి మాటలు దక్కేవి.

కావున సంపాదకులు గారికి నా విన్నపం ఏమనగా, అదే కంప్యూటర్ పేజీలో, అదే స్థానంలో, ఒక సవరణ వేయించండి. కరెంటు పోతే ర్యామ్ డిస్క్‌లోనిది తప్పకుండా పోతుందని, డాక్యుమెంట్లను అందులో ఉంచరాదని, 4 గిగాబైట్ల ర్యామ్ ఉన్నవారు దాన్ని పెట్టుకోవద్దని ఆ సవరణలో స్పష్టంగా ఉండాలి. మీ వ్యాసం చూసి ఇప్పటికే ఫోల్డర్లు తరలించినవారు ఉంటారు. వారిలో ఏ విద్యార్థి ప్రాజెక్టు ఫైలో, ఏ తల్లి దాచుకున్న పిల్లల ఫొటోలో ఈ క్షణాన ఆ డ్రైవులో ఉండవచ్చు. అటువంటివారు కంప్యూటర్ ఆపకముందే వాటిని హార్డ్ డిస్కుకు కాపీ చేసుకోవాలని కూడా మొదటి వాక్యంగా వేయించండి. అక్టోబరు గాలులు మొదలయ్యేలోపు ఆ సవరణ వస్తే మా జిల్లావారికి ఉపయోగపడుతుంది.

ఇట్లు
మీ పాఠకురాలు,
ఇంటివద్ద డి.టి.పి. పని చేసుకునే గృహిణి,
శ్రీకాకుళం.